రోటర్ ఎటు తిరుగుతుంది

జీపు రిపేరులో నా వంతు చదవడం. నా భార్య బానెట్ ఎత్తి లోపలికి వంగేది. నేను పక్కన స్టూలు వేసుకుని కంపెనీ వాళ్ళ పాత పుస్తకం ఒళ్ళో పెట్టుకునేవాడిని. ఆమె అడిగిన పేజీ తీసి, అడిగిన వాక్యం పైకి చదివేవాడిని. నాది కాలేజీ గ్రంథాలయంలో ఉద్యోగం, ఆమె పశువుల డాక్టరు. ఆవు కడుపులో దూడ ఎటు తిరిగి ఉందో కంటితో చూడకుండా చేత్తోనే తెలుసుకునే మనిషికి ఇంజన్ వెనకాల దాగిన నట్టు వెతకడం పెద్ద పని కాదు. నాకు మాత్రం ఏ స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా ప్రతిసారీ సందేహమే.

నేను ఎక్కువసార్లు చదివి వినిపించింది ఇంజన్ మండే వరస. ఫైరింగ్ ఆర్డర్ అంటారు. మా జీపుది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. రేడియేటర్ పక్కనుంచి లెక్కపెడితే ఒకటి, రెండు, మూడు, నాలుగు. కాని నిప్పు ఆ వరసలో అందదు. ముందు ఒకటో సిలిండరుకు, తరవాత మూడుకు, తరవాత నాలుగుకు, చివర రెండుకు. ఆ నిప్పును పంచేది డిస్ట్రిబ్యూటర్. దాని మీద గిన్నె బోర్లించినట్టు నల్లటి మూత ఉంటుంది. మూత మీద చుట్టూ నాలుగు గొట్టాలు, మధ్యలో ఇంకొకటి. చుట్టూ ఉన్న నాలుగింటి నుంచి నాలుగు తీగలు నాలుగు ప్లగ్గులకు పోతాయి. మూత కింద రోటర్ అనే చిన్న ముక్క తిరుగుతూ ఏ గొట్టం కిందకు వస్తే ఆ తీగలోకి నిప్పు పోతుంది. పాత బళ్ళన్నిటిలో ఇంచుమించు ఇదే ఏర్పాటు. ఇప్పటి బళ్ళలో ఈ డబ్బాయే లేదు.

"ఒకటి, మూడు, నాలుగు, రెండు" అని నేను చదివితే లోపలి నుంచి "ఊఁ" అనేది. ఆ తరవాత ఆమె చేతులు ఏం చేసేవో నేను చూడలేదు. నా కళ్ళు పేజీ మీదే ఉండేవి.

ఆ జీపు వాళ్ళ శాఖలో ఏళ్ళ తరబడి నడిచి, చివరికి వేలానికి వచ్చింది. అందరూ వద్దంటున్నా పాడి కొంది. కొత్తవలసలో పనిచేసిన రోజుల్లో రైల్వే యార్డు పక్క ఖాళీ స్థలంలో దాని మీదే నాకు డ్రైవింగ్ నేర్పింది. తరవాత శ్రీకాకుళం బదిలీ అయ్యాం. అక్కడ మా ఇంటి సందులో నిలపడానికి చోటు లేక జీపును కోటబొమ్మాళిలో ఆమె పుట్టింటి షెడ్డులో ఉంచాం. ఆదివారం వస్తే వెళ్ళి దాన్ని కాసేపు తిప్పి వచ్చేది. పోయిన ఏడు వానాకాలంలో జబ్బు పడింది. దసరాకు విశాఖపట్నం ఆసుపత్రిలో ఉంది. కార్తీకంలో పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు, ఆవిడ ఎక్కడికీ పోలేదు, మీలోనే ఉంది అన్నారు. తల ఊపాను. నాకు అలా అనిపించలేదు. ఆమె లేదు. జీపు ఉంది. దాన్ని గుర్తుగా దాచుకోవాలని నాకు లేదు. అది బండి. పెట్రోలు పోస్తే నడవాలి.

మాఘమాసంలో మా బావమరిది ఫోన్ చేశాడు. ఆమె తమ్ముడు, ఊళ్ళో వ్యవసాయం చూసుకుంటాడు.

"బావా, ఉన్నమాట సెప్తన్నాను, కోపం తెచ్చుకోకు. అక్క జీపు సీట్లో ఎలకలు కాపరం పెట్టినాయి. నాకు కొత్త ట్రాక్టరు వస్తాది. అదెక్కడ పెట్టమంటావు, నా నెత్తి మీదా?"

"జీపు నేను తెచ్చేసుకుంటాను."

"ఎలగ తెచ్చుకుంటావు? బుజానెత్తుకుంటావేటి?"

"నడుపుకుంటూ తెస్తాను."

అవతల వాడు నవ్వాడు. చాలా రోజుల తరవాత వాడు నవ్వడం విన్నాను.

"నువ్వా? నువ్వు బానెట్ ఎత్తితే బల్లి కనపడిందని దింపీసినోడివి. సరే గాని, దాని కాయితాలు ఉన్నాయా?"

కాగితాల సంగతి నాకూ తెలుసు. జీపు ఆమె పేరున ఉంది. నా పేరుకు మార్చాలి, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అందుకు బండిని శ్రీకాకుళం రవాణా ఆఫీసు మైదానానికి తెచ్చి ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. బండి తనంతట తాను నడిచి రావాలి. లారీ మీద ఎక్కించి తెస్తే చూడరు. సోమవారం పొద్దున రమ్మన్నారు. ఆ వారంతో గడువు సరి.

"అయితే ఇను," అన్నాడు. "సోమారం అది నీ సేతుల మీద శ్రీకాకులం ఎల్లిందా, నీది. ఎల్లనేదా, ఇనపసామాన్లోడికి కబురెడతాను. కోసి పట్టుకుపోతాడు. అప్పుడు మరి నన్ను ఏటీ అనకు."

"అనను," అన్నాను.

శనివారం పొద్దున్నే బస్సు దిగాను. షెడ్డు ఇంటి వెనక ఉంది. ఒక పక్క ధాన్యం బస్తాలు, ఇంకో పక్క జీపు. వాడు ముందే కొత్త బేటరీ బిగించి, పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయించి ఉంచాడు. ఎలకల గూడు కూడా తీయించాడు. మాటకు మాత్రం, "నాకేటి పనిలేదా, నీ జీపు సుట్టూ తిరగడానికి" అన్నాడు.

తాళం తిప్పి స్టార్టర్ నొక్కాను. ఇంజన్ తిరిగింది. రెండుసార్లు దగ్గింది. తరవాత ఒక్కసారిగా అంటుకుని, జీపు మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఎక్సలేటర్ తొక్కితే కార్బురేటర్ లోంచి ఢాం అని పేలింది. బస్తాల మీద కునుకు తీస్తున్న పిల్లి గోడ దూకింది. ఇంజన్ ఆగిపోయింది.

"అంటుకుంది కదా," అన్నాను.

"అంటుకుంది బావా. కొంప కూడా అంటుకుంటాది ఇలగైతే."

మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాం. ప్రతిసారీ అంతే. పూర్తిగా చావదు, పూర్తిగా బతకదు. బావమరిది టెక్కలి నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. మధ్యవయసు మనిషి, నెమ్మదస్తుడు. చూడగానే, "పెట్రోలు జీపు సూసి ఎన్నాళ్ళయిందో సార్. నాను సేసేదంతా డీజిలే. డీజిలుకి ఈ తీగల గొడవే ఉండదు" అని నిజాయితీగా చెప్పాడు. అయినా కార్బురేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గులు తీసి మసి గీకాడు. చివర తీగల వరస చూశాడు. మూత మీద ఒక గొట్టం పక్కన నా భార్య మేకుతో గీసిన ఒకటో అంకె ఉంది. దాని మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి కుడికి తిప్పుకుంటూ ఒక్కో తీగ వెంట ప్లగ్గు దాకా వెళ్ళాడు.

"ఒకటి. మూడు. నాలుగు. రెండు. వరస సరిగ్గానే ఉన్నాది," అన్నాడు.

"అంతే, అదే వరస," అన్నాను నేను. నాకు తెలిసిన ఒక్క విషయం అక్కడ పనికి వచ్చిందని సంతోషం కూడా కలిగింది.

మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే వణుకు, అదే పేలుడు. మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు.

"వాల్వులు కాలిపోనాయేమో సార్. హెడ్డు దించాలి. సామాను వైజాగ్ నుంచి రావాలి. సోమారానికి అవదు. మిమ్మల్ని మబ్బెట్టడం ఎందుకు, నా వల్ల కాదు."

అతను వెళ్ళాక బావమరిది బస్తా మీద కూర్చున్నాడు. గెలిచిన మనిషి ముఖంలా లేదు.

"ఒగ్గీ బావా," అన్నాడు. "దాని కాలం అయిపోనాది. అక్కే నేదు, అక్క జీపు ఉండీ ఏటి సేస్తాది?"

"ఇంకా రేపుంది," అన్నాను.

వాడు లేచి ఇంట్లోకి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున ఒక్కణ్ణే షెడ్డులోకి వెళ్ళాను. స్టూలు తెచ్చుకున్నాను కాని కూర్చోలేదు. చదవడానికి ఏమీ లేదు. ఆ పాత పుస్తకం శ్రీకాకుళంలో ఏ అట్టపెట్టెలో ఉందో, బయలుదేరేముందు వెతికినా దొరకలేదు. కాబట్టి బానెట్ ఎత్తి ఇంజన్‌నే చూస్తూ నిలబడ్డాను. అన్నేళ్ళు దాని పక్కన కూర్చున్నాను కాని దాన్ని అంతసేపు చూడటం అదే మొదలు.

చాలాసేపటికి ఒకటి కనిపించింది. నాలుగు తీగల్లో ఒకటి బిగుతుగా, లాగి కట్టినట్టు ఉంది. దాని పక్కది అవసరానికి మించి పొడుగై, వంగి, వేడెక్కే పొగ గొట్టాన్ని ఆనుకుని ఉంది. ఒకటో సిలిండరు తీగ, నాలుగో సిలిండరు తీగ మాత్రం వదులుగా, చక్కగా ఉన్నాయి. ఈ తీగలు ఆమె స్వయంగా కొలిచి కోసింది. దేనికి ఎంత కావాలో అంతే. ఆమె ఏ తాడూ బిగించి కట్టే మనిషి కాదు. రైతులు ఎద్దుకు ముకుతాడు బిగిస్తే వాళ్ళను నిలబెట్టి తిట్టి, వదులు చేయించి గాని కదిలేది కాదు. ఆమె ఈ తీగను ఇలా పెట్టి ఉండదు.

బావమరిదిని పిలిచాను. పళ్ళు తోముకుంటూ వచ్చాడు.

"ఈ తీగలు ఎవరైనా తీశారా?"

"ఎవుడు తీస్తాడు? ఈ జీపు ముట్టుకుంటే అక్క సేతులిరగ్గొడతాదని ఊరందరికీ తెలుసు."

"ఎవరో తీశారు."

వేప్పుల్ల నోట్లోంచి తీసి, కాస్త ఆలోచించాడు.

"దసరాకి కడిగినాం కదా," అన్నాడు. "ఆయుధపూజకి. అక్క ఆసుపత్రిలో ఉన్నాదని, దాని బండి పూజ లేకుండా ఉండకూడదని అమ్మ పట్టుబట్టింది. నాను బానెట్ ఎత్తి నీళ్ళు కొట్టినాను. ఆ మూతలోకి నీళ్ళెల్లిపోనాయి. తీసి, తుడిసి, ఎండబెట్టి పెట్టీసినాను. వరస మాత్రం తప్పనేదు బావా. అక్కే నేర్పింది. ఒకటి, మూడు, నాలుగు, రెండు. బడి ఎగ్గొట్టినా అది మరిసిపోనేదు."

"తీగలు ఎలా పెట్టావు?"

"ఎలగేటి? అమ్మ ఒక్కో గొట్టానికీ బొట్టెట్టింది. ఆవిడ బొట్టెట్టిన కాడల్లా నాను వరస ప్రకారం ఒక్కో తీగ గుచ్చుకుంటూ పోనాను. ఎడం పక్కకెల్తంటే అమ్మే నా సెయ్యి పట్టుకుని, పూజ దగ్గర అటు తిరక్కూడదురా, కుడెల్లి రా అన్నాది."

మూత దగ్గరకు వంగి చూశాను. గొట్టాల మొదళ్ళలో, నూనె జిడ్డు కింద, ఎర్రగా కుంకుమ ఉంది. నిన్న చూసినప్పుడు తుప్పు అనుకున్నాను.

"తరవాత స్టార్ట్ చేశారా?"

"నేదు. ఎవరు సేస్తారు? అక్క వచ్చి సేస్తాదనుకున్నాం."

నేను మూతకున్న రెండు క్లిప్పులు తీసి, తీగలతో సహా మూతను పక్కకు పెట్టాను. కింద రోటర్ కనిపించింది. చెంచా కన్నా చిన్నది. ఇన్నేళ్ళలో దాన్ని నేను చూడలేదు. వరసైతే చదివాను కాని ఆ వరస ఎటు నడుస్తుందో ఎప్పుడూ అడగలేదు. పుస్తకంలో ఉండే ఉంటుంది. ఆమెకు ఆ వాక్యం చదివి వినిపించాల్సిన అవసరం రాలేదు.

"హేండిల్ తిప్పు," అన్నాను.

పాత జీపు కాబట్టి ముందు బంపర్ లోంచి దూర్చి చేత్తో తిప్పే ఇనపకడ్డీ ఉంది. వాడు దాన్ని దూర్చాడు.

"మెల్లిగా తిప్పు. నేను చూడాలి."

"సూడు. కళ్ళద్దాలు పెట్టుకునే సూడు."

తిప్పాడు. రోటర్ కదిలింది. ఎడమకు.

"ఇంకోసారి."

మళ్ళీ ఎడమకే. ఇంకోసారి తిప్పించాను. ప్రతిసారీ ఎడమకే తిరిగింది.

కార్తీకంలో, నాగావళి ఒడ్డున, భుజం మీద కుండ పెట్టుకుని చితి చుట్టూ నడవమన్నప్పుడు నేను అలవాటు కొద్దీ కుడికి అడుగు వేశాను. పురోహితుడు నా భుజాలు పట్టుకుని ఇటు కాదని ఎడమకు తిప్పాడు. అది గుర్తొచ్చింది. అంతకు మించి దానికి అర్థం ఉందని నేను అనుకోను. మా చేతులూ కాళ్ళూ చిన్నప్పటి నుంచి గుడి చుట్టూ, తులసి కోట చుట్టూ, హారతి పళ్ళెంతో ఒకే వైపు తిరిగాయి. చెప్పకపోతే అటే పోతాయి. మెకానిక్ వేలూ అటే పోయింది. నిన్న నేనూ అటే తల ఊపాను.

షెడ్డు నేల మీద పుల్లతో ఒక గుండ్రం గీశాను. పైన ఒకటి రాశాను. కుడికి తిరుగుతూ మూడు, నాలుగు, రెండు. ఇప్పుడు ఎడమ నుంచి చదివితే ఒకటి, రెండు, నాలుగు, మూడు. ఒకటీ నాలుగూ ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి ఎటు నుంచి లెక్కపెట్టినా వాటి చోటు మారదు. తారుమారైనవి రెండూ మూడూ మాత్రమే. సగం ఇంజన్ సరిగ్గా మండుతోంది, మిగతా సగం వేళ కాని వేళ మండుతోంది. అందుకే ఆ బతికీ బతకకపోవడం. బిగుతుగా ఉన్న తీగ, వంగిన తీగ కూడా ఆ రెండింటివే.

బావమరిది ఆ గుండ్రం వంక చూస్తూ గొంతుక్కూర్చున్నాడు.

"అంటే నానే సెడగొట్టినానా?"

"రెండు తీగలు మారాయి. అంతే."

"అమ్మకి సెప్పకు బావా. అది అక్క బతకాలని సేసిన పూజ."

చెప్పకూడదనే నేనూ అనుకున్నాను. తీగలు మార్చేముందు ఇంకొకటి చూసుకోవాలి. ఒకటో గొట్టం నిజంగా ఒకటోదేనా? ఒకటో ప్లగ్గు విప్పి ఆ కన్నం మీద బొటనవేలు పెట్టాను. వాడు హేండిల్ తిప్పాడు. కొంతసేపు ఏమీ లేదు. తరవాత లోపలి గాలి వేలిని పైకి నెట్టింది. అంటే ఇప్పుడు ఇక్కడ నిప్పు అందాలి. మూతను దాని చోటికి పైనే ఎత్తి పట్టుకుని రోటర్ చూశాను. ఆమె గీసిన ఒకటో అంకె కిందకు వచ్చి ఆగి ఉంది. ఇదీ ఆమె చేస్తుండగా నేను చూడని పనే. కాని "వేలితో చూసుకో" అని తనకు తనే చెప్పుకోవడం విన్నాను.

అప్పుడే అత్త టీ గ్లాసులతో షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. కూతురు పోయినప్పటి నుంచి ఆవిడ షెడ్డులో అడుగు పెట్టలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏటి బాబూ, తప్పు దొరికినాదా?"

"ఏటీ లేదమ్మా, తీగలు ఎండిపోనాయి," అన్నాడు బావమరిది గబగబా.

"నాను నిన్నడగనేదురా. బాబునడిగినాను."

ఆవిడ నన్నే చూస్తోంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మేమంతా ఆవిడకు తగ్గుతుంది, తగ్గుతోంది అని చెప్పాం. చివరి వారం దాకా చెప్పాం. ఆవిడ ప్రతిసారీ ఇలాగే చూసేది.

"దొరికింది అత్తా," అన్నాను. "ఈ మూత కింద ముక్క ఎడమకు తిరుగుతుంది. దసరానాడు తీగలు కుడికి వరసగా పెట్టారు. రెండు తీగలు మారిపోయాయి."

ఆవిడ లోపలికి వచ్చింది. గ్లాసులు బస్తా మీద పెట్టింది. వంగి రోటర్ చూసింది.

"ఏదీ, తిప్పు."

వాడు తిప్పాడు. ఎడమకు కదిలింది. ఆవిడ చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

"దాని పేనం కుదుటపడాలని బొట్టెట్టినాను," అంది.

బావమరిది మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కాసేపటికి ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"అది ఎప్పుడు నా మాటిన్నాది గనక," అంది. "మీ ఇంట్లో కుడికాలు ముందెట్టి ఎల్లవే అని సెవిలో సెప్తే, ఎడంకాలెట్టి లోపలికెల్లిపోనాది. గేపకం ఉన్నాదా బాబూ?"

"ఉంది. మా అమ్మ వారం రోజులు మాట్లాడలేదు."

"దాని బండి ఎడమకి తిరక్క కుడికెలగ తిరుగుతాది? మార్సీ బాబూ. బేగి మార్సీ, టీ సల్లారిపోతాది."

రెండు గొట్టాల్లోంచి రెండు తీగలు పీకి, ఒకదాని చోట ఒకటి గుచ్చాను. బిగుతుగా ఉన్నది వదులైంది. వంగినది లేచి పొగ గొట్టానికి దూరంగా నిలిచింది. పీకడం, గుచ్చడం అంతా కలిసి టీ తాగేంత పని కూడా కాదు. మూత బిగించి, ప్లగ్గు బిగించి, సీట్లో కూర్చున్నాను. చేతులు నల్లగా ఉన్నాయి. స్టీరింగ్ కు అంటుతాయని ఒక్క క్షణం ఆగాను. తరవాత అదే చేత్తో స్టార్టర్ నొక్కాను.

అంటుకుంది. వణుకు లేదు. పేలుడు లేదు. ఆదివారం పొద్దుటి పూట ఆ షెడ్డులో వినిపించే చప్పుడే వినిపించింది. ఎక్సలేటర్ కొంచెం తొక్కాను, చప్పుడు పెరిగింది. వదిలాను, తగ్గింది. బావమరిది బానెట్ పట్టుకుని కేక పెట్టాడు, ఏమన్నాడో ఇంజన్ చప్పుడులో వినపడలేదు. అత్త రేడియేటర్ పక్కన అరచెయ్యి ఆనించి నిలబడింది. చెయ్యి వేడెక్కి తీసేదాకా అలాగే ఉంది.

ఇంజన్ ఆపాక లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది.

"అమ్మా, నీకు దండం ఎడతాను, తీగలు ముట్టకు!" అన్నాడు కొడుకు.

"ఒరే, నువ్వు అవతలికి పో. బాబూ, ఇప్పుడెటు?"

ఒకటో గొట్టం చూపించి, ఎడమకు చూపుడువేలు తిప్పాను. ఒకటి దగ్గర బొట్టు పెట్టింది. మూడు దగ్గరకు వెళ్ళబోయేముందు ఆవిడ చెయ్యి కుడికే కదిలింది. ఆగింది. ఎడమకు తిరిగింది. నాలుగు బొట్లూ పెట్టి, భరిణె మూసి, ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం తెల్లారాక బయలుదేరాం. బావమరిది కూడా వస్తానన్నాడు. వెనక సీట్లో లావుపాటి తాడు చుట్ట వేశాడు.

"అదెందుకు?"

"నమ్మకం లేక కాదు బావా. నీ మీద నమ్మకం ఉన్నాది. ట్రాక్టరోళ్ళ మీద కూడా ఉన్నాది. నువ్వు ఆగిపోతే ఎవడో ఒకడు లాగుతాడు."

"లాక్కెళ్తే వాళ్ళు చూడరు."

"ఆఫీసు మలుపు కాడ ఇప్పీద్దాం."

హైవే ఎక్కాం. లారీలు, బస్సులు మమ్మల్ని దాటి పోయాయి. నరసన్నపేట దాటాక వంశధార వంతెన మీద గాలి బలంగా వీచింది. నేను గేరు మార్చినప్పుడల్లా బావమరిది ఊపిరి బిగబట్టడం తెలుస్తోంది. ఒకచోట గేదెలు రోడ్డుకు అడ్డం వచ్చాయి. ఆగాం. ఇంజన్ ఆగలేదు. గేదెలు దాటేదాకా అది తన వరస తాను నడుస్తూనే ఉంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు. వినగలిగినట్టు అనిపించింది గాని, అంత వేగంగా తిరిగేదాన్ని చెవి లెక్కపెట్టలేదు.

"అక్క ఉంటే దిగి ఆ గేదె కాలు సూసును," అన్నాడు. "సూడు, మూడోది కుంటుతన్నాది."

నిజమే, కుంటుతోంది. నేను గమనించలేదు. వాడు దిగి, గేదెల వెనక వస్తున్న మనిషితో డెక్కలో రాయి ఉందేమో చూడమని చెప్పి వచ్చాడు.

మైదానంలో మా ముందు ఆటోలు, పాత వేన్లు ఉన్నాయి. వరస మెల్లిగా కదిలింది. నేను ఇంజన్ ఆపలేదు. పెట్రోలు వృథా అని తెలుసు. ఆపే ధైర్యం లేదు. మా వంతు వచ్చాక ఇన్‌స్పెక్టరు లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు, బ్రేకు తొక్కించి చూశాడు. బానెట్ ఎత్తమన్నాడు. ఛాసిస్ నంబరు చూస్తూ డిస్ట్రిబ్యూటర్ మూత మీద బొట్లు చూశాడు కాని ఏమీ అనలేదు. ఆయుధపూజ బొట్లు లేని బండి ఆ మైదానంలో ఒక్కటీ ఉండదు.

"ఒకసారి ఆపండి," అన్నాడు. "మళ్ళీ స్టార్ట్ చెయ్యండి."

బావమరిది తాడు వైపు చూశాడు. నేను తాళం వెనక్కి తిప్పాను. ఇంజన్ ఆగింది. మైదానం ఎంత రొదగా ఉందో అప్పుడే తెలిసింది. తాళం మళ్ళీ తిప్పి స్టార్టర్ నొక్కాను. ఒక్క క్షణం ఉత్తి తిరుగుడు. తరవాత అంటుకుంది.

ఇన్‌స్పెక్టరు తల ఊపి సంతకం పెట్టాడు. వెళ్ళబోతూ ఆగి, కుర్రతనంలో ఇలాంటి జీపు నడిపాననీ, ఇప్పుడు వీటి పని తెలిసినవాళ్ళు దొరకడం లేదనీ అన్నాడు.

"దీన్ని ఎవరు చూస్తారండీ?"

బావమరిది నోరు తెరిచాడు. వాడు ఏమనబోయాడో నాకు తెలుసు. పోయిన ఏడు దాకా ఎవరు ఈ మాట అడిగినా మేమిద్దరం చెప్పే జవాబు ఒకటే, అక్క అని వాడు, మా ఆవిడ అని నేను.

"నేనే," అన్నాను.

చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. గోళ్ళలో నలుపు ఇంకా పోలేదు. గేరు వేసి మైదానం గేటు బయటికి తిప్పాను. రోడ్డు మీదకు వచ్చాక బావమరిది తాడును సీటు కిందకు కాలితో తోసి, బస్టాండ్ దగ్గర దింపమన్నాడు. ఇంటి సందులో దీన్ని ఎక్కడ నిలపాలో నేను ఇంకా ఆలోచించనే లేదు.